దేవయ్య దించిన ముక్కు చక్రం

దేవయ్యను సూటిగా అడిగి నిజం రాబట్టినవాడు ఈ అరబ్బు దేశపు పేట వాడి కబీర్‌లో ఇంతవరకు పుట్టలేదు. అడిగితే కోత మూరెడు పెరుగుతుంది, అనుమానపడితే బారెడు పెరుగుతుంది. ఎదురు చెప్పకుండా ఊ కొడుతూ కూర్చుంటే మాత్రం, ఊక మూటలోంచి నాలుగు గింజలు రాలినట్టు ఎప్పుడో ఒకప్పుడు నిజం కూడా రాలుతుంది. ఏరుకోవడం తెలియాలి. సురేందర్‌కు ఆ విద్య వచ్చు. దేవయ్య అతని అక్క రజిత మొగుడు. పద్నాలుగేళ్ల నుంచి సురేందర్ ఊ కొడుతూనే ఉన్నాడు.

ఆ శుక్రవారం మాత్రం అతనికి తొందర ఉంది.

సురేందర్ పని చేసేది ఇక్కడికి మూడు గంటల దూరంలో, షినాస్‌లో ఒక తోటలో. ఆ తోట యజమానిని అందరిలాగే అతనూ అర్బాబ్ అంటాడు. అర్బాబ్‌కు విమానాల పిచ్చి. ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో తెప్పించుకుని, ఖర్జూరాలు ఆరబెట్టే రేకుల షెడ్డులో, కూతురు నాదియాతో కలిసి ఆరేళ్లు కష్టపడి రెండు సీట్ల విమానం ఒకటి బిగించుకున్నాడు. అనుమతి కాగితాలు వచ్చాయి. చక్రాలు చాపి ఉంచే నాలుగుసార్లు ఎగిరి వచ్చాడు. రేపు శనివారం, తెల్లారగానే, మొదటిసారి గాలిలో చక్రాలను కడుపులోకి ముడిచి చూస్తాడు. పక్క సీట్లో నాదియా కూర్చుంటుంది.

ఆ చక్రాలను ముడిచేదీ దించేదీ నూనె. మోటారు నూనెను తోస్తుంది, నూనె చక్రాన్ని తోస్తుంది. గాలిలో ఉండగా మోటారు మొరాయిస్తే ఆపద కోసం సీటు పక్కన ఒక పిడి పెట్టారు. అది లాగితే వాల్వు తెరుచుకుని, నూనె వెనక్కి పారి, చక్రాలు తమ బరువుకు తామే కిందికి జారి గడియ పడాలి. నెల కింద విమానాన్ని జాకీల మీద ఎత్తి పిడి లాగి చూస్తే, రెక్కల కింది చక్రాలు రెండూ బుద్ధిగా దిగాయి, ముక్కు కింది చక్రం సగంలో ఆగిపోయి వేలాడింది. తండ్రీ కూతుళ్లు పది రోజులు తల బద్దలు కొట్టుకున్నారు. అప్పుడు సురేందరే అన్నాడు, మా బావ ఉన్నాడు, హైడ్రాలిక్ పనిలో ఆయన చెయ్యి పడితే తిరుగు లేదు అని.

అది కోత కాదు. ఇరవై ఏళ్లుగా వాడి కబీర్ వర్క్‌షాపులో జేసీబీలకు, క్రేన్లకు నూనె పైపులు మార్చే మనిషి దేవయ్య. చెయ్యి బంగారం, నోటితోనే తంటా. మూడు వారాల కింద ఒక శుక్రవారం షినాస్ వెళ్లి, అందరూ జుమా నమాజుకు పోయి వచ్చేలోపల ముక్కు చక్రాన్ని దించేశాడు. ఏం చేశావని అర్బాబ్ అడిగితే "సబ్ నంబర్ వన్" అన్నాడు. మళ్లీ ఫోన్ చేసి అడిగితే మళ్లీ అదే. అప్పటి నుంచి అర్బాబ్ మధ్యాహ్నం పూట ఇరవైసార్లన్నా పిడి లాగి చూశాడు, ప్రతిసారీ దిగింది. ఆయనకు ధైర్యం వచ్చేసింది. కానీ విమానానికి ఒక పుస్తకం ఉంటుంది. ఏ బోల్టు ఎవరు విప్పారో, ఎందుకు విప్పారో అందులో రాయాలి. దేవయ్య వచ్చిన శుక్రవారం తేదీ ఎదురుగా గడి ఖాళీగా ఉంది.

"మీ బావ ఏం చేశాడో కనుక్కుని సాయంత్రం అసర్ నమాజు లోపల చెప్పు, రాసేస్తాను" అన్నాడు అర్బాబ్, అదేదో చిన్న పని అయినట్టు. సురేందర్‌కు అది చిన్న పనిగా అనిపించలేదు. బావను తీసుకొచ్చింది తను. ఆ సీట్లో కూర్చోబోయేది నాదియా. ఆ అమ్మాయి చిన్నప్పుడు తోటలో నిమ్మచెట్ల మధ్య తన సైకిల్ వెనకాల కూర్చుని తిరిగింది.

భోజనాలయ్యాక కెఫెటేరియా బయట బెంచీ మీద దేవయ్య అప్పటికే మొదలుపెట్టి ఉన్నాడు. లోపలి నుంచి కరక్ చాయ్ అందిస్తున్నది కడప ఖాదర్‌వలి. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో సుబ్బలక్ష్మమ్మ. పాలకొల్లు దగ్గరి మనిషి, పక్క వీధిలో ఒక డాక్టరు గారింట్లో వంట చేస్తుంది, శుక్రవారం సగం పూట సెలవు. సురేందర్ వచ్చి బావ పక్కన కూర్చున్నాడు.

"రా బామ్మర్దీ, మంచి టైముకొచ్చినవ్. షినాస్ ఇమానం సంగతే చెప్తున్న. నేను గొప్పలు చెప్పుకునేటోన్ని గాదు, ఆ సంగతి మీ అందరికి ఎర్కే. ఉన్నది ఉన్నట్టు చెప్త. షెడ్డుల అడుగు వెట్టిన. వెట్టంగనే ఇమానం నా దిక్కు చూసింది. జొరమొచ్చిన పిలగాడు డాక్టరు దిక్కు చూస్తడు సూడు, గట్ల. నేను పానా ముట్టలె, జాకీ ముట్టలె. సక్కగ పోయి ముక్కు కింద ఎల్లెలుకల పండుకుని పైపుకు చెవు ఆనిచ్చిన. ఎందుకు? నూనె నడుస్తుంటె సప్పుడొస్తది. బాగున్న పైపు సప్పుడు ఏరు, పీక పిసికిన పైపు సప్పుడు ఏరు. అది నాతోని అన్నది, 'దేవయ్యా, ఊపిరాడ్తలేదు' అని."

"ఇమానం అనిందా?" అన్నాడు ఖాదర్‌వలి గ్లాసులు కడుగుతూ.

"ఇమానమెట్ల మాట్లాడ్తదివయ్యా? పైపు."

"ఊ" అన్నాడు సురేందర్.

"చూస్తె ఏమున్నది! నూనె ఎనుకకు పారే రబ్బరు పైపును పట్టుకునేటందుకు ఒక క్లాంపు ఉంటది. ఊడొద్దు ఊడొద్దని అయ్యా బిడ్డా కలిసి బిగిచ్చీ బిగిచ్చీ పైపును సప్పిడి చేసిండ్రు. మోటరు తోస్తె పోతది నూనె, ఎందుకు పోదు? మోటరుకు బలముంటది. ఉత్త బరువుకు పొమ్మంటె యాడికెల్లి పోతది? గంతే రోగం. పది దినాల సంది ఇద్దరు సదువుకున్నోళ్లకు దొర్కలె, నాకు పది నిమిషాలల్ల దొరికింది."

ఇది గింజ. సురేందర్ మనసులో దాచుకున్నాడు. క్లాంపు బిగుసుకుని పైపు నలిగింది. పుస్తకంలో రాయడానికి సరిపోయే మాట. అయినా లేవలేదు. బావ మూటలో ఇంకో గింజ ఉన్నా ఉండొచ్చు.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? ఆ పైపు పీకి పారేసి నా బండిలకెల్లి కొత్తది ఎక్కిచ్చిన. అండ్లున్న నూనె అంత పల్లెంల కారిపాయె, ఎర్రగ, నీళ్లోలె పల్సగ. మళ్ల పోద్దామంటె ఆయన ఎర్ర నూనె డబ్బ బీరువల ఉన్నది, తాళమేసి నమాజుకు పోయిండు. ఇగ నేను ఆయన కోసం కూసుంటనా? దేవయ్య ఎవనికోసమన్న కూసున్నడా? నా డబ్బ నేను తీసిన. అరవై ఎన్మిది నంబరు. యాబై టన్నుల క్రేనును లేపే నూనె, గీ పిట్టంత ఇమానం దానికొక లెక్కా? కడుపు నిండ పోసిన. పిడి గుంజిన. టక్కుమన్నది. దిగింది!"

ఈసారి సురేందర్ ఊ కొట్టడం మరిచాడు.

ఆ బీరువా తలుపు మీద నాదియా రాసి అంటించిన కాగితం అతనికి కళ్లకు కట్టింది. ఎర్ర నూనె తప్ప ఇంకేదీ విమానం దగ్గరికి తేవద్దని మూడు భాషల్లో రాసింది. ట్రాక్టరు నూనె డబ్బా ఒకటి షెడ్డులో పెట్టినందుకు ఒకసారి తనను కేకలేసింది కూడా. ఎందుకు వద్దో సురేందర్‌కు తెలియదు. ఈ చలి పొద్దుల్లో తోట ట్రాక్టరు నూనె చిక్కబడడం మాత్రం చూశాడు. ఇరవైసార్లు దిగిన చక్రం ఇరవై ఒకటోసారి దిగదా? ఏమో. నూనెల సంగతి తెలిసినవాడు ఈ బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు, వాడేమో కోతల్లో ఉన్నాడు. 'బావా, తప్పు చేసినవా?' అని సూటిగా అడిగితే ఆ అరవై ఎనిమిది నంబరు అమృతమైపోతుంది. పైగా నలుగురిలో బావ మాట తీసెయ్యొద్దని అక్క చేతిలో చెయ్యి వేయించుకుంది. ఒకసారి పెళ్లిలో ఎవరో తీసేస్తే ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

భయం వేసింది. ఆ భయంతోనే మళ్లీ ఊ కొట్టాడు.

"అర్బాబ్ నమాజుకెల్లి వచ్చి చూసిండు, ముక్కు చక్రం నిల్సున్నది. కండ్లల్ల నీళ్లు తీస్కున్నడు. నా నెత్తి ముద్దు వెట్టుకున్నడు. ఏ యూనివర్సిటీ అన్నడు. జగిత్యాల బస్‌స్టాండు ఎనుక పంచర్ షాపు అన్న. రాస్కున్నడు. నేనన్న, అర్బాబ్, జాకీల మీద దిగుడు ఒక దిగుడేనా? గాలిల దిగాలె. ఎక్కు, నేను పక్కన కూసుంట అన్న. ఇద్దరం లేసినం. సముద్రం మీదికి పోయినం. పిడి గుంజు అన్న. గుంజిండు. పిడి చేతిలకొచ్చింది!"

"అయ్యబాబోయ్!" అంది సుబ్బలక్ష్మమ్మ. ఆవిడకు నమ్మకం ఉన్నా లేకపోయినా వినేటప్పుడు భయపడడం మర్యాద.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? అర్బాబ్ కండ్లు మూస్కున్నడు. నేను తువ్వాల ఒక కొస నడుముకు, ఇంకో కొస కుర్సీకి కట్టిన. పదిహేడు నంబరు పానా పండ్ల నడ్మ వెట్టుకున్న. తలుపు తీసి రెక్క మీదికి, రెక్క మీదికెల్లి కడుపు కిందికి, బల్లి లెక్క పాకిన. కింద షినాస్ పడవలు పల్లి పొట్టు లెక్క కొట్టుకపోతున్నయ్. పడవలోళ్లు వలలు ఇడ్సిపెట్టి నాకు సలాం కొట్టిండ్రు."

"అంతెత్తు నుంచి సలాం ఎలా కనపడిందండీ దేవయ్యగారూ?"

"కనవడలే అమ్మా. ఇనవడ్డది."

ఖాదర్‌వలి నవ్వాపుకోలేక చాయ్ పక్క గ్లాసులో పోశాడు. సురేందర్ గోడ మీది గడియారం చూశాడు. అసర్‌కు ఇంకో అరగంట. అప్పుడతను పద్నాలుగేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఊ కొట్టడం మాని కథను ముందుకు తోశాడు.

"ఇంకా పైకి పోలేదా బావా? సముద్రం మీదనే ఉన్నరా?"

దేవయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. అతని కోతకు ఇంతవరకు తోసేవాడు దొరకలేదు. దొరికాక ఆగుతాడా?

"పోలేదా అంటవేందిర? అర్బాబ్ బుగులుకు దించుడు మర్సిపోయి పైకి గుంజిండు! జెబెల్ షమ్స్ గుట్ట కిందికి పాయె. మబ్బులు కిందికి పాయె. నేను ఇంక కడుపు కిందనే ఏలాడుతున్న, ఒక చేత్తోని చక్రం పట్టుకున్న, ఇంకో చేత్తోని వాల్వు తిప్పుతున్న. గంతల హైదరాబాదు పోయే పెద్ద ఇమానం పక్కకొచ్చింది. కిటికీలల్లకెల్లి మనోళ్లే, 'దేవన్నా, బాగున్నవా' అని అడుగుతున్రు. బాగున్న, రజితకు చెప్పున్రి, ఈ నెల సెలవు దొర్కది అన్న. ఆ పోరి ఎయిర్ హోస్టెస్ పాపం, గీ మనిషి ఎప్పుడు తిన్నడో ఏమో అని కిటికీ తీసి చాయ్ అందిచ్చింది."

"ఇమానం కిటికీ తీసిందా అన్నా?" అన్నాడు ఖాదర్‌వలి.

"నా కోసం తీసింది."

"అంత పైన చలి వెట్టలేదా బావా?" అన్నాడు సురేందర్.

"చలా! ఏమడుగుతున్నవ్ చలి సంగతి! చాయ్ నోటి దాక రాకముందే గడ్డ కట్టింది, కొరుక్కతిన్న. నా మీసాలు గడ్డ కట్టి పుటుక్కున ఇరిగి సముద్రంల వడ్డయ్. గీ మీసాలు మళ్ల మొల్సినయే! అర్బాబ్‌తోని మాట్లాడుదామంటె మాట నోట్లనే గడ్డకట్టింది, కిందికి దిగినంక కరిగి ఇనవడ్డది."

బెంచీ మొత్తం నవ్వింది. పక్క టైలరు కొట్టులోంచి ఎవరో తొంగి చూశారు. సురేందర్ నవ్వలేదు.

"చాయే గడ్డ కట్టినంక, ముక్కు చక్రం పైపుల నూనె ఎట్ల పారింది బావా?"

"ఏం నూనె?"

"నువ్వు పోసిందే. అరవై ఎన్మిది నంబరు."

దేవయ్య నోరు తెరిచాడు. మూయలేదు. ఏదో ఒకటి రావాలి కదా, వచ్చింది. "నేను... పైపుకు నోరు వెట్టి ఊదిన. నా ఊపిరి వేడికి కరిగింది."

ఖాదర్‌వలి పొట్ట పట్టుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సురేందర్ ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, గొంతు పెంచకుండా అన్నాడు.

"రేపు పొద్దుగాల ఎవలు ఊదుతరు బావా? ఎండ రాకముందే ఎగురుతున్నరు. పక్కన నాదియా కూసుంటది. మూడు వారాల సంది వాళ్లు పిడి గుంజింది మధ్యాన్నమే, ఎండకు మాడే రేకుల షెడ్డుల. పొద్దుటి చలిల ఒక్కసారన్న గుంజి చూడలే. ఆ నూనె రేపు పారుతదా? నాకు తెల్వదు. నీకే తెల్వాలె."

నవ్వు అక్కడికక్కడే ఆగింది. దేవయ్య బామ్మర్దిని చూడలేదు, తన అరచేతులు చూసుకున్నాడు. గీతల్లో ఇరవై ఏళ్ల నూనె నల్లగా ఇంకి ఉంది. ఆ చేతులకు జవాబు తెలుసు. కొండ మీద రోడ్డు పని జరిగే సైట్లో డిసెంబరు పొద్దున క్రేన్లు చెయ్యి ఎత్తకుండా మొరాయిస్తే, అరగంట ఇంజను నడిపి నూనె వేడెక్కించాక కదిలించమని ఆపరేటర్లను తిట్టేది తనే. అక్కడ తోయడానికి పెద్ద పంపు ఉంటుంది, అయినా అంత బాధ. ఇక్కడ పిడి లాగాక తోసేవాడు లేడు, చక్రం బరువు ఒక్కటే.

"పాకం లెక్క అయితది" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు. "సగం దాక వస్తది. గడియ వడది."

రజిత చెయ్యి వేయించుకున్న ఒట్టు సురేందర్‌కు గుర్తొచ్చింది. 'లోపలికి పోయి మాట్లాడుదాం పా బావా' అనబోయాడు. దేవయ్య అప్పటికే చెయ్యి చాపాడు.

"ఫోన్ కలుపు."

కలిపాడు. స్పీకరులో అర్బాబ్ గొంతు వినిపించింది, వెనక నాదియా ఎవరితోనో నవ్వుతోంది. దేవయ్య లేచి నిలబడ్డాడు. వర్క్‌షాపు మేనేజరు ఎదురుగా నిలబడ్డట్టు తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అర్బాబ్, కల్ మత్ ఉడానా. తేల్ గలత్ హై. మైనే డాలా."

రేపు ఎగరొద్దు, నూనె తప్పు, పోసింది నేనే. అంతే. ఆ ముక్కల్లో జగిత్యాల లేదు, జెబెల్ షమ్స్ లేదు.

"సబ్ నంబర్ వన్ అన్నావు కదా?" అన్నాడు అర్బాబ్.

"నంబర్ వన్ నహీ అర్బాబ్. నంబర్ సిక్స్‌టీ ఎయిట్."

అవతల నాదియా నవ్వు ఆగిపోయింది. తర్వాత అర్బాబ్ ఒక్కటే అడిగాడు, మొత్తం కడిగి మళ్లీ నింపడానికి ఎంతసేపు పడుతుందని. పైపులన్నీ విప్పాలి, ప్రతి చుక్కా తియ్యాలి, ఒక రోజంతా పడుతుందన్నాడు దేవయ్య. రా, షెడ్డు తెరిచి ఉంచుతాను, బీరువా తాళం నాదియా నీ చేతికే ఇస్తుంది అని అర్బాబ్ ఫోన్ పెట్టేశాడు.

దేవయ్య కూర్చోలేదు. చెవులు ఎర్రబడ్డాయి. తువ్వాలును మడిచినదాన్నే మళ్లీ మడుస్తున్నాడు. సురేందర్ పికప్ తాళాలు తీశాడు. తను నలుగురిలో అడిగినందుకు సిగ్గుగానే ఉంది, అడగకపోయి ఉంటే ఏమయ్యేదో అని భయంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, దేన్నీ తోసెయ్యలేకపోయాడు.

"బావా, ఆ క్లాంపు సంగతి ఇంకెవ్వలకు దొరకకపోవు" అన్నాడు. అది నిజమే, అందుకే అన్నాడు.

దేవయ్య తల ఊపాడు. రెండు అడుగులు బండి వైపు వేశాడు.

సుబ్బలక్ష్మమ్మకు మాత్రం కథ అలా మధ్యలో వదిలేయడం బాధగా ఉంది. "అది కాదండీ దేవయ్యగారూ, చాయ్ సంగతి, మీసాల సంగతి పోనివ్వండి. కనీసం ఆ సముద్రం మీద కొంచెమైనా ఎగిరారా లేదా?"

దేవయ్య బండి తలుపు పట్టుకుని ఆగాడు.

"అమ్మా, నాకు నిచ్చెన ఎక్కితెనే కండ్లు తిరుగుతయ్."